ఆ ఘడియ దాటితే



ఇవాళ నేను చెప్పబోయేది పిండివంటల గురించీ కాదు, పిల్లల చదువుల గురించీ కాదు. మనం ఇళ్లల్లో గొంతు తగ్గించి చెప్పుకునే సంగతి, ఆత్మహత్య. ‘శుభమా అని కూర్చుంటే ఇదేం మాటమ్మా’ అనుకోకండి. 2021లో మన దేశంలో ఆత్మహత్య చేసుకున్న స్త్రీలలో సగానికి పైగా గృహిణులేనని ప్రభుత్వ లెక్కలు చెబుతున్నాయి. మన లెక్క మనమే వినకపోతే ఇంకెవరు వింటారు?

గద్వాల వైపు వారికి గుర్రంగడ్డ తెలియనిది కాదు. చుట్టూ కృష్ణమ్మ, నడుమ ఊరు. వరద రోజుల్లో ఎవరికైనా ఆపద వస్తే, ఏరు దాటి డాక్టరు దగ్గరకు చేరేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. దీవి బ్రతుకంటే అదే. కష్టం ఒక ఒడ్డున, సహాయం మరో ఒడ్డున. ఇలాంటి బ్రతుకులున్న కొన్ని దేశాలలో ఆత్మహత్యల గురించి ఏం తెలిసిందో చూస్తే, మన ఇళ్లకూ పనికివస్తుంది.

పసిఫిక్ మహాసముద్రంలో మైక్రొనేషియా అని చిన్న చిన్న దీవులున్నాయి. 1960 తరువాత అక్కడ కుర్రవాళ్ల ఆత్మహత్యలు బాగా పెరిగాయి. పరిశోధకులు విచారిస్తే, చాలా వాటికి ముందు జరిగినది ఇంట్లో మాటపట్టింపు. అడిగింది ఇవ్వలేదనో, పెద్దవాళ్లు కసిరారనో. వినేవాళ్లకు అది చిన్న మాటే. కానీ ఇల్లే లోకమైన చోట, ఇంట్లో కాదనిపించుకుంటే ఇక పోవడానికి చోటు లేదనిపిస్తుంది. ఆలోచించండి, కొత్త కోడలికి అత్తవారిల్లు కూడా ఒక్కొక్కసారి దీవి లాంటిదే కాదూ?

ఇక మన పొరుగునున్న శ్రీలంక. 1995 నాటికి అక్కడ ఏడాదికి లక్షమందిలో సుమారు 47 మంది ఆత్మహత్య చేసుకునేవారు. ఎక్కువ మరణాలు పురుగుల మందుల వల్లే. మనిషికి మరీ ప్రమాదమైన మందులను అక్కడి ప్రభుత్వం 1984 నుంచి ఒక్కొక్కటిగా నిషేధిస్తూ వచ్చింది. 1995 తరువాత ఇరవై ఏళ్లలో ఆత్మహత్యల రేటు సుమారు 70 శాతం తగ్గింది. పంటలకు నష్టమేమీ రాలేదు.

ఇందులో గమనించవలసిన విషయం ఒకటుంది. మందు తాగి ఆసుపత్రికి వచ్చేవాళ్లు అంతగా తగ్గలేదు, చనిపోయేవాళ్లు తగ్గారు. అంటే ఏమిటి? చాలామందిలో ఆ ఆలోచన కోపంలోనో, అవమానంలోనో వచ్చి, కొంతసేపటికి దిగిపోయేదే. ఆ ఘడియలో ప్రాణం తీసేది చేతికి అందకపోతే మనిషి దక్కుతాడు. అలా దక్కినవాళ్లలో చాలామంది తరువాత తమ ఆయుష్షు ఉన్నన్నాళ్లూ బ్రతుకుతారు.

మరి మందుకు తాళం వేస్తే చాలదా? అదీ చేసి చూశారు. శ్రీలంక పల్లెల్లో ఇంటింటికీ తాళం పెట్టెలిచ్చి పరీక్షించారు. 2017లో వెలువడిన ఫలితం ఏమిటంటే, దానివల్ల తేడా కనిపించలేదు. కాబట్టి అసలు ఇంట్లో లేకుండా చూసుకోవడమే మేలు. మన దేశంలో కూడా 2018లో కొన్ని ప్రమాదకరమైన మందులను నిషేధించారు.

మనం వనపర్తిలోనో, నాగర్‌కర్నూలులోనో కాపురమున్నా, చాలామందికి ఊళ్లో పొలం ఉంటుంది. పత్తికి కొట్టగా మిగిలిన డబ్బా ఇంటికి వస్తుంది. మిగిలేటట్లు కొనవద్దనీ, ఇంటికి తేవద్దనీ మీవారితో గట్టిగా చెప్పండి.

రెండో పని, పలకరింపు. ఇంట్లో ఎవరైనా ఉలుకూ పలుకూ లేకుండా ఉంటున్నా, ‘నేనుండి ఎవరికి లాభం’ అంటున్నా, తన వస్తువులు పంచిపెడుతున్నా తేలికగా తీసుకోకండి. దగ్గర కూర్చుని, ‘చచ్చిపోవాలని అనిపిస్తోందా అమ్మా?’ అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్లవుతుందని భయపడకండి, అలా కాదు. అడిగేవాళ్లున్నారన్న ధైర్యమే వస్తుంది. నీతులు చెప్పకుండా వినండి. ఒంటరిగా వదలకండి. డాక్టరుకు చూపించండి. 14416కు ఫోను చేస్తే రాత్రీపగలూ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. 2022 నుంచి నడుస్తున్న ఈ ప్రభుత్వ సేవ పేరు టెలి మానస్. మీకే అలా అనిపిస్తుంటే మీరే చేయండి. అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

జరగరానిది జరిగితే ఉప్పునీళ్లు తాగించి కక్కించాలని కాలయాపన చేయకండి. 108కి ఫోను చేసి, ఆ డబ్బాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. పోలీసు కేసవుతుందని దాచకండి. అటువంటి మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లు చూడాలే గాని శిక్షించకూడదని 2017లో చేసిన మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది.

ఏటికి వంతెన వేయడం మన చేతిలో లేదు. పక్కగదిలో ముఖం తిప్పుకుని పడుకున్న కోడలి దగ్గరకు ఓ గ్లాసు మజ్జిగ తీసుకుని వెళ్లడం మాత్రం మన చేతిలోనే ఉంది. ఆ ఒక్క ఘడియ దాటించండి. సెలవు.