పర్యాటక మార్గసూచిక ఫలకాలు – దరఖాస్తు విధానం: ఇంగ్లండ్ అనుభవం, ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
పర్యాటక స్థలానికి దారి చూపే రహదారి ఫలకం ప్రకటన కాదు, ప్రయాణ సాధనం. ఇంగ్లండ్‌లో గోధుమరంగు ఫలకాల మంజూరుకు ఈ భేదమే ప్రాతిపదిక. దరఖాస్తుదారు నిరూపించవలసిన అంశాలను, వ్యయభారం చిన్న సంస్థలపై చూపే ప్రభావాన్ని, ఆ విధానం నుండి తెలుగు రాష్ట్రాలు గ్రహించదగిన అంశాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: పర్యాటకం, మార్గసూచికలు, రహదారి భద్రత, వారసత్వ స్థలాలు.

1. ఉపోద్ఘాతం:
కొత్త ప్రాంతానికి వచ్చిన వాహనచోదకునికి కూడలిలో నిర్ణయం తీసుకోవడానికి కొన్ని క్షణాలే దొరుకుతాయి. ఆ క్షణాల్లో చదవవలసిన అక్షరాలు పెరిగేకొద్దీ ప్రమాదావకాశం పెరుగుతుంది. కనుక ఫలకం కోరే హక్కు అందరికీ ఉన్నా, పొందే హక్కు ఎవరికీ లేదు. మంజూరు రహదారి అధికార సంస్థ విచక్షణకు లోబడి ఉంటుంది.

2. అర్హత:
2016 నాటి బ్రిటన్ రహదారి సంకేతాల నిబంధనలు పర్యాటక గమ్యాన్ని నిర్వచించాయి. శాశ్వతంగా నెలకొని, సందర్శకులను ఆకర్షిస్తూ లేదా వారికి ఉపయోగపడుతూ, పనివేళల్లో ముందస్తు నమోదు లేకుండా ప్రవేశం కల్పించే స్థలం లేదా సదుపాయం అని దాని సారాంశం. ముందుగా నమోదు చేసుకున్న బృందాలను మాత్రమే అనుమతించే భవనం ఎంత ప్రాచీనమైనదైనా ఈ పరిధిలోకి రాదు. ఇక్కడ కొలమానం చారిత్రక ప్రాముఖ్యం కాదు, దారి వెదుక్కుంటూ వచ్చినవారికి తలుపు తెరిచి ఉండటం.

3. దరఖాస్తు, పరిశీలన:
మోటార్‌వేలు, ట్రంకు రహదారుల విషయంలో నేషనల్ హైవేస్ సంస్థకు, ఇతర రహదారుల విషయంలో స్థానిక రహదారి అధికార సంస్థకు దరఖాస్తు చేయాలి. దారి రెండింటి మీదుగా సాగితే ఇరువురి సమ్మతీ అవసరం. సందర్శకుల సంఖ్య, తెరిచి ఉండే రోజులు, వాహనాలు నిలిపే వసతి, ఇప్పటికే ఉన్న ఫలకాలు సాధారణంగా పరిశీలనకు వస్తాయి. వీటన్నిటికంటే కీలకమైనది అవిచ్ఛిన్నత. ఒక ఫలకంపై గమ్యం పేరు కనిపించిన తరువాత, అక్కడికి చేరేవరకు దారి మారే ప్రతి కూడలిలోనూ అది కనిపించాలి. ఒక్క ఫలకం కోరిన దరఖాస్తు ఫలకాల వరుసగా మారడానికి కారణం ఇదే.

4. వ్యయం – సమానత్వం:
రూపకల్పన, తయారీ, స్థాపన ఖర్చులను సాధారణంగా దరఖాస్తుదారే భరించాలి. వ్యాపార సంస్థల ప్రయోజనానికి ప్రజాధనం వెచ్చించరాదన్న వాదన సమంజసమే. అయితే వినోద ఉద్యానవనానికి స్వల్పమైన ఆ మొత్తం, స్వచ్ఛంద సేవకులు నడిపే గ్రామీణ మ్యూజియానికి మోయలేని భారం. ప్రసిద్ధ స్థలాన్ని జనం ఎలాగైనా చేరుకుంటారు. దారి చూపవలసిన అవసరం అప్రసిద్ధ స్థలానికే ఎక్కువ. ఈ విధంగా అవసరం ఒకచోట, చెల్లించే శక్తి మరొకచోట ఉంటాయి. పలు ఆకర్షణలను ఒకే ప్రాంతనామం కింద చూపే ఉమ్మడి ఫలకం ఈ వైరుధ్యాన్ని కొంత తగ్గిస్తుంది.

5. తెలుగు రాష్ట్రాలకు అన్వయం:
ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల్లోనూ పర్యాటక స్థలాలకు గోధుమరంగు ఫలకాలే నిర్దేశితం. ఇక్కడ జాతీయ రహదారులు, రహదారులు-భవనాల శాఖ రోడ్లు, పంచాయతీరాజ్ రోడ్లు వేర్వేరు యాజమాన్యాల కిందివి. 2021లో యునెస్కో గుర్తింపు పొందిన రామప్ప దేవాలయానికి ఆ ఖ్యాతే కొంత దారి చూపుతుంది. ఫణిగిరి, శాలిహుండం వంటి బౌద్ధ క్షేత్రాలకు ఆ బలం తక్కువ. ప్రధాన రహదారిపై ఫలకం ఉండి, తరువాతి మలుపులో లేకపోతే, ఆ మొదటి ఫలకం యాత్రికుని దారి తప్పించడానికే తోడ్పడుతుంది.

6. ముగింపు:
- మార్గసూచిక మంజూరుకు ప్రాతిపదిక స్థలమహత్యం కాదు. ప్రజాప్రవేశం, రహదారి భద్రత.
- ఫలకాల వరుస మొత్తాన్ని ఒకే ప్రతిపాదనగా పరిశీలించాలి.
- చిన్న వారసత్వ స్థలాల విషయంలో వ్యయాన్ని ప్రభుత్వం భరించడం న్యాయం.
- స్థానిక చరిత్రపై పరిశోధించేవారు తమ క్షేత్రానికి చేరే ప్రతి కూడలినీ, ఆ రోడ్డు ఏ శాఖదో గుర్తించి పటం సిద్ధం చేస్తే, సమగ్రమైన దరఖాస్తుకు అదే తొలి ఆధారమవుతుంది.