ఆక్టేన్ సంఖ్య

ఇంజిన్‌లో స్పార్క్ నుంచి మంట పాకివచ్చే దాకా పెట్రోలు ఆగాలి. ఆగలేక ఒత్తిడికి, వేడికి తనంతట తానే అంటుకుంటే టకటకమని చప్పుడు వస్తుంది. ఇదే నాకింగ్. దాన్ని ఇంధనం ఎంతవరకు తట్టుకోగలదో చెప్పేదే ఆక్టేన్ సంఖ్య. ఐసో-ఆక్టేన్‌కు 100, నార్మల్ హెప్టేన్‌కు సున్నా.

కంప్రెషన్ ఎక్కువగా ఉండే టర్బో, స్పోర్ట్స్ కార్లవాళ్లు ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు కోసం బంకుల వెంట తిరిగేది ఇందుకే. ఇండియన్ ఆయిల్ 2020 డిసెంబరులో 100 ఆక్టేన్ పెట్రోలు ఎక్స్‌పీ100ను తొలుత పది నగరాల్లో విడుదల చేసింది. ఇప్పటికీ ఎంపిక చేసిన బంకుల్లోనే దొరుకుతుంది. దాన్ని మామూలు కారులో పోయించడం జేబుకు చిల్లే, బండి అడగని బలం అది.

అమెరికా బంకుల్లో 93 అని చూసి తక్కువనుకోవద్దు. అక్కడ రెండు పరీక్షల సగటు రాస్తారు. వాటిలో ఒక్క పరీక్ష ఫలితాన్నే రాసే మన లెక్కలో అది దాదాపు 98.