తంగేడుకు గింజ, వావిలికి కొమ్మ

బతుకమ్మ పండగ దగ్గర పడితే తంగేడు పూల కోసం జనం చెలక గట్లు, గుట్టల అంచులు వెతుకుతారు. ఒకప్పుడు ఊరు దాటగానే దొరికిన పూలకు ఇప్పుడు చాలాచోట్ల దూరం పోవాలి. బీళ్లు ప్లాట్లయ్యాయి. పైగా పూగుత్తులన్నీ కోసేస్తే పొదకు కాయ మిగలదు, కాయ లేకపోతే కొత్త మొక్క రాదు. పొదకు నాలుగైదు కొమ్మలు వదిలిపెడితే చాలు, తెలంగాణ రాష్ట్ర పుష్పాన్ని పెరట్లోనే పెంచుకునేందుకు గింజలు దొరుకుతాయి.

తంగేడు కాయలు పల్చగా, చదునుగా ఉంటాయి. బాగా ఎండి గోధుమరంగుకు తిరిగాకే కోయాలి. పురుగు తొలిచిన గింజలు ఏరి పారేయాలి. మిగిలిన గట్టి గింజల్ని నేరుగా మట్టిలో వేస్తే చాలావరకు మొలవవు. పైతొక్క నీటిని లోపలికి రానివ్వదు. మెట్ట నేలలో బతికే మొక్కకు ఇది రక్షణే: తొలకరి జల్లుకే గింజలన్నీ మొలిచి, ఆ వెంటనే వచ్చే ఎండకు మాడిపోకుండా ఉంటాయి.

ఇంట్లో ఆ తొక్కను మెత్తబరచడం తేలిక. నీళ్లు మరిగించి, పొయ్యి మీంచి దించి, గింజలు వేసి రాత్రంతా వదిలేయాలి. తెల్లారేసరికి ఉబ్బినవి నాటడానికి పనికొస్తాయి. ఉబ్బనివాటిని ఒక పక్క గరుకు కాగితంతో కాస్త రుద్ది మళ్లీ నానబెట్టాలి. ఎర్రమట్టి, ఇసుక, చివికిన పశువుల ఎరువు కలిపి నింపిన సంచుల్లో సుమారు సెంటీమీటరు లోతున వేయాలి. తల్లివేరు త్వరగా కిందికి దిగుతుంది కనుక పొడవాటి సంచులే మేలు.

వాగుల ఒడ్డున పెరిగే వావిలి గింజతోనూ వస్తుంది, కానీ కొమ్మతో ఇంకా సులువు. వానాకాలంలో పెన్సిలు లావున్న ముదురు కొమ్మను జానెడు ముక్కగా, కింది కణుపుకు ఆనుకుని ఏటవాలుగా కోయాలి. ఆకులు తుంచి, రెండు కణుపులు మట్టిలోకి పోయేలా గుచ్చి, నీడలో పెట్టి తడి ఆరకుండా చూడాలి.

చిగురు కనిపించగానే వేరు వచ్చిందనుకుని లాగి చూస్తారు కొందరు. అలా చేయొద్దు. కొమ్మలో దాచుకున్న ఆహారంతోనే తొలి చిగుళ్లు వేస్తుంది. వేరు రావడానికి ఇంకా సమయం పడుతుంది. సంచి అడుగు రంధ్రాల్లోంచి వేళ్లు కనిపించాకే నేలలోకి మార్చాలి.

నాటాక తంగేడు ఆకుల మీద పచ్చటి గొంగళిపురుగులు కనిపిస్తే మందు కొట్టొద్దు. కాటోప్సిలియా జాతి సీతాకోకచిలుకలు గుడ్లు పెట్టే మొక్కల్లో తంగేడు ఒకటి. కొన్ని ఆకులు పోయినా నిలదొక్కుకున్న పొద మళ్లీ చిగురిస్తుంది.