క్రొత్త ఎస్.ఎస్.డి. – నిలిచిపోవు కంప్యూటరు

చిత్తూరు బెల్లపు వర్తకులొకరు ఇటీవల మాతో తమ చిక్కు చెప్పుకొనిరి. వేగము పెరుగునని పాత కంప్యూటరునకు క్రొత్త ఎస్.ఎస్.డి. అమర్చించిరట. నాటినుండి పూటకు రెండు మారులు తెర నీలమై యంత్రము నిలిచిపోవుచుండెను. పదేండ్ల ఖాతాలు అందే యున్నవి. ఇట్టి ఇబ్బంది ఏ యింటనైనను కలుగవచ్చును గావున దాని కారణములను వరుసగా విచారింతము.

పాత హార్డు డిస్కునందు పళ్లెములు తిరుగును. ఎస్.ఎస్.డి.యందు తిరుగునదేదియు లేదు. అతి సూక్ష్మములైన గదులలో విద్యుదావేశమును బంధించి సమాచారమును నిలుపును. ఈ నాండ్ ఫ్లాష్ స్మృతిని 1987లో జపానునందలి తోషిబా సంస్థకు చెందిన ఫుజియో మసువోకా బృందము ప్రకటించినది. దీనిని నడుపుటకు లోపలనే ఒక చిన్న ప్రోగ్రాము, అనగా ఫర్మ్‌వేర్, ఉండును. అందును దోషములుండవచ్చును. క్రూషియల్ ఎం4 అను ఎస్.ఎస్.డి. 5,184 గంటలు పనిచేసిన పిమ్మట గంటకొకసారి ఆగిపోజొచ్చెను. 2012 జనవరిలో క్రొత్త ఫర్మ్‌వేర్ విడుదలైన తరువాత ఆ దోషము తీరినది.

యంత్రము మొరాయించినపుడు మొదట చేయవలసినది మరమ్మతు కాదు. ముఖ్యమైన ఫైళ్లను వేరొకచోటికి నకలు తీయుట. పాత డిస్కును చెరిపివేయరాదు. పిమ్మట దానినే తిరిగి తగిలించి చూడవలెను. అప్పుడును యంత్రము ఆగినచో దోషము ర్యాము, విద్యుత్ సరఫరా వంటి చోట్ల ఉండవచ్చును. ఆగనిచో క్రొత్తదానినో, దాని అమరికనో అనుమానింపవలెను.

అటుపై ప్లగ్గు తీసి, తీగను, స్క్రూను సరిచూడవలెను. బయాస్‌లో డిస్కు విధానము ఏ.హెచ్.సి.ఐ.యో, రెయిడో గమనింపవలెను. విండోస్ స్థాపించిన నాటి విధానము మారినచో యంత్రము ప్రారంభమగునపుడే ఆగిపోవచ్చును. తరువాత తయారీదారు ఇచ్చు ఫర్మ్‌వేర్‌ను నకలు తీసిన పిమ్మటనే మార్చవలెను. తిరుపతి వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటును గనుక పెట్టెలోనికి గాలి ఆడునట్లు చూచుటయు అవసరము. ఇన్నిటికిని లొంగనిచో, విండోస్‌ను క్రొత్తగా స్థాపించి చూచి, అప్పటికిని ఆగినచో గ్యారంటీ క్రింద మార్పించుకొనుట మేలు.

మా వర్తక మిత్రులు ఈ క్రమమునే అనుసరించిరి. పాత డిస్కును దాని తీగతోనే తగిలింపగా యంత్రము నిలుకడగా నడిచినది. క్రొత్తదానికి వేరొక తీగ వేయగానే నీలితెర మరల కనబడలేదు. దోషము చిన్న తీగది. భయము పదేండ్ల లెక్కలది. ముందుగా నకలు తీసికొన్నవారికి ఆ భయముండదు.