మోటారు బండి మూతయు, ఇంజను వేడిమియు

విద్యార్థులారా! వేసవికాలమున ఉప్పలగుప్తమునుండి అమలాపురము పోవు బాటలో, ముందరి మూత యెత్తి నిలిపిన జీపును, దాని ప్రక్కను నీళ్ల డబ్బాతో నిలుచున్న డ్రైవరును మీలో అనేకులు చూచియే యుందురు. ఆ మూతనే బానెట్టు అందురు. దానికి చీలికలు కోసియో, వెనుకవైపు కొంచెము పైకెత్తియో యింజనును చల్లబరుపవచ్చునని కొందరు చెప్పుదురు. ఈ మాటలో నిజమెంతయో, పొరపాటెచ్చటనో విచారింతము.

ఇంజనులో కాలిన నూనెవలన పుట్టు శక్తిలో స్థూలముగా మూడవ వంతు మాత్రమే బండిని నడపును. మరియొక మూడవ వంతు పొగగొట్టముద్వారా పోవును. మిగిలినదానిలో చాల భాగము లోహమును కాచును. ఆ వేడిమిని నీరు గ్రహించి రేడియేటరునకు చేర్చును. అచ్చట సన్నని గొట్టములమధ్యనుండి పోవు గాలి దానిని తీసికొని పోవును. 1901 వ సంవత్సరపు మెర్సిడెస్ కారునకు విల్హెల్ము మైబాక్ అను జర్మను ఇంజనీరు తేనెపట్టువంటి రేడియేటరు నమర్చెను. అందు ఎనిమిదివేలకు పైగా చిన్న గొట్టములు గలవు. గాలికి తగులు వైశాల్యము పెరిగినకొలది నీరు త్వరగా చల్లారునన్నదే అందలి రహస్యము.

అయితే గాలి లోనికి వచ్చినంతమాత్రమున చాలదు. వేడెక్కిన గాలి బయటికి పోవుటకు దారి కావలెను. మన వంటయిండ్లను తలంచుకొనుడు. పైకప్పున పొగ పోవుటకు సందు విడుతుము. ఆ సందు గాలి వాలునకు చాటుగా నున్న పొగ చక్కగా పోవును. సముద్రపు గాలికి ఎదురుగా నున్నచో, పొగ వెలుపలికి పోవుటకు బదులు లోనికే తిరిగి వచ్చి వంటచేయువారి కన్నులలో బడును. సందుండుట ముఖ్యము కాదు, అది యెచ్చట నున్నదనునదే ముఖ్యము. బానెట్టు విషయమునను ఇదియే ధర్మము.

బండి పరుగిడునప్పుడు గాలి దాని ముక్కును తాకి, పైకెగసి, బానెట్టు ముందరి భాగముపై వేగముగా జారును. అచ్చట ఒత్తిడి తక్కువ. పిమ్మట ముందరి అద్దమును ఢీకొని నెమ్మదించును. కావున అద్దము అడుగున ఒత్తిడి ఎక్కువ. కార్లు తయారుచేయువారు లోపల కూర్చుండువారికి గాలి తెచ్చు ద్వారమును సాధారణముగా అచ్చటనే యుంచుటకు కారణమిదియే. అట్టిచోట బానెట్టు వెనుక అంచును పైకెత్తినచో, బండి నిలిచియున్నప్పుడు వేడిగాలి తేలికయై పైకి పోవుట నిజమే. కాని వేగముగా పోవునప్పుడు వెలుపలి గాలియే ఆ సందునుండి లోనికి చొచ్చి, రేడియేటరు వెనుక ఒత్తిడిని పెంచి, ముందునుండి రావలసిన గాలి నడ్డగించును.

కొన్ని యేండ్ల క్రిందట, దాళ్వా కోతల దినములలో, మా యింటి పెద్దలొకరికి ఆయాసము రాగా అద్దె జీపులో ఆసుపత్రికి తీసికొని పోవుచుంటిమి. ఆ జీపు బానెట్టు కీళ్లక్రింద వాషర్లు వేయించి రెండంగుళములు ఎత్తించితినని డ్రైవరు సంతోషముతో చెప్పెను. సగము దారిలోనే నీరు మరిగి బండి నిలిచినది. అతడు తొందరలో గుడ్డతో రేడియేటరు మూత త్రిప్పబోగా నేను చేయి పట్టుకొని ఆపితిని. ఆ మూత లోపలి ఒత్తిడిని నిలుపును. సాధారణ ఒత్తిడిపై మరియొక వాతావరణపు ఒత్తిడి చేర్చినచో నీరు 100 డిగ్రీలకు గాక 120 డిగ్రీలకు మరుగును. ఆ స్థితిలో మూత తీసినచో నీరు ఒక్కసారిగా ఆవిరియై ముఖముపై చిమ్మును. అరగంటసేపు చెట్టునీడను వేచియుంటిమి. దేవుని కృపవలన ఆ పెద్దలకు అపాయము కలుగలేదు. కాని వారి ఊపిరి నెక్కించుకొనుచు గడపిన ఆ అరగంట నేను మరువలేదు. ఇంజను చల్లారిన పిదప చూడగా, బాటపై ఆరవేసిన ధాన్యపు పొట్టును, గడ్డినలుసులును రేడియేటరు ముఖమును సగమునకు పైగా కప్పియున్నవి! మూత నెత్తించినవాడు ముఖము కడుగుట మరచెను.

కావున మొదట చేయవలసినది కోత కాదు, శుభ్రత. రేడియేటరు రెక్కలలోని పొట్టును లోపలివైపునుండి వెలుపలికి నీటితో మెల్లగా కడుగవలెను. కాలువనీరు పోయరాదు, అందలి ఒండ్రు గొట్టములలో పేరుకొనును. పంకా, దాని పట్టీ, నీటి పంపు, థర్మోస్టాటు సరిగా నున్నవో లేవో చూడవలెను. ఒక చిన్న లెక్క చూడుడు. గంటకు 60 కిలోమీటర్ల వేగమున ఎదురుగాలి ఒత్తిడి నీటిమట్టమును సుమారు 17 మిల్లీమీటర్లు మాత్రమే ఎత్తగలదు. 30 కిలోమీటర్ల వేగమున అందు నాల్గవ వంతే. కాబట్టి మన పల్లెబాటల నడకకు పంకాయే ప్రాణము.

ఇవన్నియు సరిగానుండియు వేడిమి తగ్గనిచో, చీలికలు ఉపకరించును. అవి అద్దమునకు దూరముగా, రేడియేటరు వెనుకనే, చేపపొలుసులవలె వెనుకకు తెరచుకొని యుండవలెను. లోపలి బలపు పట్టీలను, కొక్కెమును కోయరాదు. పరుగులో మూత లేచి అద్దమును కప్పినచో ప్రాణాపాయము. వాననీరు విద్యుత్పరికరములపై పడకుండ క్రింద పళ్లెము అమర్చవలెను. మన తీరపు ఉప్పుగాలికి కోసిన అంచులు త్వరగా త్రుప్పుపట్టును గాన వెంటనే రంగు వేయవలెను. 1988 వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 52 వ విభాగము బండ్లను మార్చుటకు హద్దు లేర్పరచినది. కావున ముందుగా రవాణా శాఖవారిని విచారించుట మంచిది.

మీరు దీనిని పాఠశాలలోనే పరీక్షింపవచ్చును. అట్టతో చిన్న కారు చేసి, బానెట్టుపై అచ్చటచ్చట రంధ్రములు పొడిచి, బల్లపంకా ముందుంచుడు. ఒక్కొక్క రంధ్రముపై సన్నని నూలుపోగు అంటించుడు. ఏ పోగు పైకి లేచునో అచ్చట గాలి వెలుపలికి పోవుచున్నది. ఏది లోనికి లాగబడునో అచ్చట లోనికి వచ్చుచున్నది. ఇతరులు చేసిరని చేయుటకంటె, ఒక్క నూలుపోగు నడిగి తెలిసికొనుట విద్యార్థులకు శోభ.