కంటి పరీక్షకునికి పరీక్ష

అక్షరాల పట్టిక ముందు కూర్చున్నప్పుడు మనమందరమూ పరీక్షార్థులమే. అయితే మనల్ని పరీక్షిస్తున్న వ్యక్తిని ఎవరు పరీక్షించారు? మన దేశంలో ఆప్టోమెట్రీ చదివి టాలట్ ప్రాంతంలో స్థిరపడగోరే యువతీయువకులకు ఇది జీవనోపాధికి సంబంధించిన ప్రశ్న. మిగిలినవారికి చూపునకు సంబంధించినది.

కళ్లజోడు కొలత తప్పితే తలనొప్పి రావచ్చు. అద్దాలు మారిస్తే పోతుంది. నీటికాసుల వ్యాధి అటువంటిది కాదు. అది చాలామందిలో నొప్పి లేకుండానే దృష్టినాడిని క్షీణింపజేస్తుంది. పోయిన చూపు తిరిగి రాదు. రోగికే తెలియని ఆ లక్షణాన్ని పరీక్షకుడు గుర్తించి వైద్యుని వద్దకు పంపవలసి ఉంటుంది. కనుకనే పట్టా ఒక్కటే చాలదు.

వైద్యవిద్యావేత్త జార్జి మిల్లర్ 1990లో వృత్తి సామర్థ్యాన్ని నాలుగు మెట్లుగా వివరించారు: విషయం తెలియడం, చేసే విధానం తెలియడం, చేసి చూపడం, నిత్యవృత్తిలో ఆచరించడం. వ్రాతపరీక్ష ప్రధానంగా మొదటి రెండింటినే కొలవగలదు. మూడవ మెట్టు కొరకు స్కాట్లండ్‌లోని డండీలో రోనాల్డ్ హార్డెన్ బృందం ఒక పద్ధతిని రూపొందించి 1975లో ప్రకటించింది. అభ్యర్థి ఒక్కొక్క బల్ల వద్ద నియమిత సమయంలో ఒక్కొక్క పని చేయాలి. ఒకచోట రెటినోస్కోపుతో దృష్టిదోషాన్ని కొలవడం, మరొకచోట కంటిలోని ఒత్తిడి చూడడం, ఇంకొకచోట రోగికి పరిస్థితిని నచ్చజెప్పడం. అందరికీ అవే పనులు, అదే మార్కుల పట్టిక కావడం వలన పక్షపాతానికి తావు తగ్గుతుంది.

ఐర్లండ్‌లో 1956 నాటి చట్టంతో ఏర్పడిన ఆప్టిషియన్ల బోర్డు బాధ్యతలు 2015లో ‘కోరు’ అనే నియంత్రణ సంస్థకు సంక్రమించాయి. దాని రిజిస్టరులో పేరు లేనివారు ఆప్టోమెట్రిస్టుగా చెప్పుకొనరాదు. డబ్లిన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఈ చదువు ఉంది. 2019లో టాలట్ సాంకేతిక విద్యాసంస్థ కూడా ఆ విశ్వవిద్యాలయంలో భాగమైంది. ఇక్కడి పాఠ్యక్రమాన్ని ‘కోరు’ తనిఖీ చేసి ఆమోదిస్తుంది. విదేశీ పట్టా గలవారి చదువును, అనుభవాన్ని మాత్రం నిర్ణీత ప్రమాణాలతో పోల్చి చూస్తుంది. లోటు కనబడితే పర్యవేక్షణలో పనిచేసే సర్దుబాటు కాలమో, అర్హత పరీక్షో విధించవచ్చు.

భారతదేశంలో ఈ వృత్తిని కేంద్ర చట్టం పరిధిలోకి తెచ్చినది 2021లో మాత్రమే. అందుచేత మన విద్యార్థికి చేతిలోని కాగితాలే సాక్ష్యం. ఏయే పాఠాలు చదివారో, ఎన్ని గంటలు రోగులను పరీక్షించారో, ఎవరి పర్యవేక్షణలోనో తెలిపే ధ్రువపత్రాలను కళాశాల విడువకముందే సేకరించుకోవడం శ్రేయస్కరం. ఈ వడపోత కొందరికి ఆలస్యాన్ని, వ్యయాన్ని కలిగించే మాట నిజమే. కాని పరీక్షకుని ఎదుట కూర్చున్న అపరిచితునికి ఉన్న ఏకైక రక్షణ అదే.