పొగవాసన బీరు

బీరు మాట వినగానే ముఖం చిట్లించేవారు ఈ పేజీ తిప్పేయవచ్చు. అలవాటున్నవారు జర్మనీ వెడితే మాత్రం బాంబెర్గ్ చూడకుండా రాకండి.

పూర్వం బీరుకోసం మొలకెత్తించిన బార్లీని కట్టెల మంటమీదనే ఆరబెట్టేవారు. బీరుకు పొగవాసన పట్టేది. పొగ తగలని కొత్త పొయ్యిలు రాగానే ఇంచుమించు అందరూ ఆ పద్ధతి మానేశారు. ఈ ఊళ్లో ష్లెంకెర్లా, స్పెత్సియల్ అనే రెండు పాత పానశాలలు మానలేదు.

ముందు స్పెత్సియల్‌లో రుచి చూడండి. అక్కడ పొగ తక్కువ. తరువాత నది దాటి, పెద్ద చర్చి దిగువనున్న ష్లెంకెర్లాకు రండి. నల్లని ‘మేర్త్సెన్’ను కొయ్యపీపాలోంచి పోస్తారు, ఆల్కహాలు 5.1 శాతం. ఇంటికి సీసాలూ ఇస్తారు.

మొదటి గుక్కకు గొంతు పొగచూరినట్లుంటుంది. సగం గ్లాసయ్యేసరికి నాకు దాలిలో కాగిన పాలు గుర్తుకొచ్చాయి. మన ఇళ్లలో దాలిగుంటలతోపాటు ఆ కమ్మదనమూ పోయింది, వాళ్లు నిలుపుకున్నారు.